మందు చౌక, అందుట ప్రియము

సంపాదకీయ పుటలో మేకపిల్ల కడుపును గూర్చి వ్రాయుట యేమని మా మిత్రులు కొందఱు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. శాసనసభలు, పన్నులు, ఎన్నికలు, సరిహద్దు తగవులు, ఇవియే యీ పుటకు తగిన వస్తువులని రాజధానిలోని మన విద్యాధికులలో ననేకుల యభిప్రాయము. మేమును మొన్నమొన్నటి వఱకు నట్లే తలచియుంటిమి. గత వర్షకాలమున నొక వ్యాజ్యపు పనిమీద రాయగడకు పోయి, పని ముగిసిన పిదప బుధవారమునాడు చాటికోన సంతను చూచి వచ్చినది మొదలు మా యభిప్రాయము మాఱినది.

చాటికోన నియమగిరి కొండల పాదమున నున్నది. బుధవారమునాడు డొంగ్రియా కోదులు అనాసపండ్లు, పసుపు, అల్లము తలకెత్తుకొని కొండ దిగి వత్తురు. ఆ సందడిలో నొక కోదు స్త్రీ రెండు మేకపిల్లలను త్రాళ్లతో పట్టుకొని కూర్చుండియుండెను. ఒకటి చలాకీగా నుండెను. రెండవదానికి వెంట్రుకలు గరుకై, ప్రక్కటెముకలు తేలి, దవడ క్రింద సంచివలె నీరు దిగియుండెను. వర్తకుడు మొదటిదానికి ధర చెప్పి, రెండవదానిని కాలితో నావలికి త్రోసి, "ఇది ఇల్లు చేరదు" అనెను. మేము సంతలోని యొక తెలుగు దుకాణదారుని నడుమ నుంచుకొని యామెను ప్రశ్నించితిమి. వానలకు ముందు ఐదు పిల్లలుండెననియు, వానలు పట్టిన పిదప మూడు పోయెననియు ఆమె చెప్పెను. పశువుల ఆసుపత్రికి తీసికొని పోలేదా యని యడిగితిమి. "పోయి వచ్చుటకు ఒక దినము పట్టును, బాబూ. ఆనాటి కూలి పోవును. పిల్ల నడవలేదు, మోసికొని పోవలెను. ఒకదానికై నేను పోయిన తక్కినవాటిని కాయువారెవరు?" అని యామె మమ్మే తిరిగి ప్రశ్నించెను. న్యాయస్థానములలో నెన్నియో యడ్డుప్రశ్నలు విన్న మాకు ఈ ప్రశ్నకు సమాధానము తోచలేదు. తిరిగి వచ్చిన పిదప పశువైద్యులను, గ్రంథములను ఆశ్రయించి తెలిసికొన్న దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

అది ఒడిశా రాష్ట్రపు విషయము, మనకేమి యని యెవరైన ననవచ్చును. 1936 వ సంవత్సరము ఏప్రిలు 1 వ తేదీ వఱకు ఆ సీమ చెన్నపురి రాజధానిలోనిదే. విశాఖపట్టణపు ఏజెన్సీలో, జయపురము జమీందారీలో చేరియుండినది. ఒడిశా రాష్ట్రమేర్పడినప్పుడు కోరాపుట్టు జిల్లాగా నందు చేరెను. 1992 అక్టోబరు 2 వ తేదీన దానినుండి రాయగడ ప్రత్యేక జిల్లా యయ్యెను. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా పోవు రైలు నేటికిని మనవారిని రాయగడలో దింపుచునే యున్నది. రాయగడ, గుణుపురము బజారులలో తెలుగు వినబడని వీథి లేదు. దక్షిణ ఒడిశాలో గంజాము జాతి మేకలను పెంచు గొల్లలకును మనవారికిని గల సంబంధము చెప్పనక్కఱలేదు. సాలూరు, పార్వతీపురము కొండలలోని మేకయు, పొట్టంగి, నారాయణపట్నము కొండలలోని మేకయు మేయుగడ్డి యొక్కటే. ఆ గడ్డిపై నున్న పురుగు నొక్కటే. సరిహద్దు కమీషనులు గీచిన గీతలను పురుగులు పాటింపవు.

ఇక మేకయన నేమి? మనకది ఆదివారపు భోజనము. కొండవానికది బ్యాంకు. అవిభక్త కోరాపుట్టు జిల్లాయంతయు రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింది ప్రాంతము. 1956 నాటి 2 వ రెగ్యులేషను ననుసరించి గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెల్లదు. ఆ రక్షణ మిగుల న్యాయమైనది, మేము దానిని సమర్థించువారమే. అయినను అత్యవసరముగా నాలుగు వేలు కావలసినప్పుడు ఆతడు అమ్మగలిగినది, తాకట్టు లేకుండ సొమ్ము చేసికొనగలిగినది మేక యొక్కటియే. బిడ్డకు జ్వరము వచ్చినను, పెండ్లి వచ్చినను, విత్తనములు కొనవలసి వచ్చినను మేకయే సంతకు నడచును. 2019 నాటి పశుగణన ప్రకారము దేశమున మేకలు 14 కోట్ల 88 లక్షలు. ఒడిశాలో 60 లక్షలకు పైగా కలవు. పెద్దమేక చచ్చిన నిలువ సొమ్ము పోయినట్లు. పిల్ల చచ్చిన వడ్డీ పోయినట్లు. వడ్డీ ఏటేట పోవుచుండగా నసలు పెరుగుటెట్లు?

పల్లెలలో మనవారు నట్టలని పిలుచునవి యొక్క జాతివి కావు. వానిలో మిక్కిలి క్రూరమైనది హీమాంకస్ అను సన్నని పురుగు. ఇది మేకయొక్క నాల్గవ కడుపులో వసించి రక్తము పీల్చును. ఎఱ్ఱని ప్రేగుచుట్టు తెల్లని అండకోశము పెనవేసికొని యుండుటచే, ఆంగ్లేయులు దీనికి మంగలి కొట్టు ముంగిటి చారల కంబము పేరు పెట్టిరి. ఒక్కొక్క పురుగు దినమునకు మిల్లీలీటరులో ఇరువదవ వంతు రక్తము త్రాగును. ఇది యెంత యని తీసిపారవేయరాదు. ఐదు వందల పురుగులున్న పిల్ల దినమునకు 25 మిల్లీలీటర్లు కోల్పోవును. ఐదు కిలోల పిల్లలో నున్న రక్తమంతయు సుమారు 350 మిల్లీలీటర్లు. అనగా ప్రతిదినము పదునాల్గవ వంతు! ఏ జమీందారును శిస్తు ఈ తీరున వసూలు చేసియుండడు.

ఆడుపురుగు దినమునకు ఐదు వేల మొదలు పదివేల గ్రుడ్ల వఱకు పెట్టును. అవి పెంటికలతో నేలబడి, వెచ్చని తేమలో వారము లోపలనే పొదిగి, పిల్లపురుగులై గడ్డిపరకల కొసలకు ప్రాకును. మేక ఆ గడ్డిని కొఱికిన మూడు వారములకు అవి పెద్దవై తామును గ్రుడ్లు పెట్టుటకు మొదలిడును. అనగా నెల తిరుగకుండ నొక తరము. కోరాపుట్టులో వానలు సాలుకు 1500 మిల్లీమీటర్ల ప్రాంతమున కురియును; అందధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపలనే. ఆ నాలుగు మాసములలో శత్రువు నాలుగు తరములు వృద్ధినొందును. చాటికోన సంతలోని యామె పిల్లలు వానలలో నేల పోయినవో ఇప్పుడు పాఠకులకు బోధపడియుండును. దవడక్రింది నీరు రక్తము పలుచనగుటచే వచ్చినది.

ఇందులో మఱియొక మోసము కలదు. ఈ పురుగు చేరిన మేకకు సాధారణముగా విరేచనములు కావు. పెంటికలు గట్టిగానే యుండును. అందుచే యజమాని, "కడుపు బాగుగనే యున్నది" అని నమ్మి ఊరకుండును. రెప్పను క్రిందికి లాగి లోపలి రంగును చూచిన గాని గుట్టు తెలియదు. ఎఱ్ఱగా నున్న క్షేమము. తెల్లకాగితమువలె నున్న ప్రమాదము.

తక్కిన శత్రువులను గూడ సంగ్రహముగా చెప్పుదుము. స్ట్రాంగిలాయిడిస్ అను వెంట్రుకవంటి పురుగు తడిసిన దొడ్డినేలనుండి చర్మమును తొలుచుకొని గాని, తల్లిపాలద్వారా గాని కొలది వారముల పిల్లకే సోకును. ట్రైకోస్ట్రాంగిలస్ అను జాతి చిన్నప్రేగులలో నుండి పారుడు పట్టించును. బద్దెపురుగు ముక్కలు ఉడికిన అన్నపు మెతుకులవలె పెంటికలపై కనబడును. అవి చూచి యజమాని భయపడును గాని, నిజమునకు కంటికి కనబడు ఆ పురుగుకంటె కనబడని హీమాంకస్ పలుమడుగులు హానికరము. ఇవి గాక, పురుగు కాని యొక ఏకకణజీవి కలదు. దాని పేరు కాక్సీడియా. నెల మొదలు నాలుగైదు నెలల వయసు గల పిల్లలు ఇఱుకైన బురద దొడ్డిలో నున్నప్పుడు ఇది ప్రేగుల గోడలను చెఱచి, రక్తముతో గూడిన విరేచనములు కలిగించును.

వ్యాజ్యమున ప్రతివాది పేరు తప్పు వ్రాసినవానికి డిక్రీ వచ్చినను అమలు జరుగదు. వైద్యమునందును అంతియే. నట్టల మందు కాక్సీడియాను తాకదు. దానికి సల్ఫా మందులుగాని ఆంప్రోలియము గాని కావలెను. జ్వరము, ముక్కుకారుట, నోటిపుండ్లతో పారుడు వచ్చిన నది పి.పి.ఆర్. అను పారుడు రోగము. దానికి నట్టల మందు పోసి కూర్చుండిన మంద యంతయు పోవును. ఆ రోగమునకు మన దేశముననే సిద్ధమైన టీకా కలదు. ఒకమాఱు పొడిచిన కనీసము మూడేండ్లు కాపాడును. కావున నట్టల మందు ఇచ్చు దినముననే టీకాను గూర్చియు విచారించుట వివేకము.

ఇప్పుడు మందు మాట. ఇరువదవ శతాబ్దారంభమున మైలుతుత్తము, పొగాకు సత్తువ కలిపి గొఱ్ఱెలకు పోసెడివారు. మోతాదు కొంచెము మీఱిన పురుగుతోపాటు జీవమును పోయెడిది. 1940 ప్రాంతమున ఫినోథయజీన్, 1961 లో థయాబెండజోల్ వచ్చినవి. ఆ కుటుంబములోని దే యిప్పుడు మనకు సులభముగా దొరకు ఆల్బెండజోల్. మన బడిపిల్లలకు 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున ఉచితముగా మ్రింగించు మాత్ర యిదియే. పశువులకు ద్రవరూపమున దొరకును. నూటికి రెండున్నర పాళ్ల ద్రవమున మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాముల మందుండును. మేకకు కిలో బరువునకు 10 మిల్లీగ్రాములు వలయునని పశువైద్యులనేకులు చెప్పుచున్నారు. ఆ లెక్కన ఐదు కిలోల పిల్లకు రెండు మిల్లీలీటర్లు. దీని వెల రాజధాని హోటలులో మనము త్రాగు గ్లాసెడు తేనీటి వెలకు మించదు.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. మేక చిన్న గొఱ్ఱె కాదు. మేక కాలేయము ఈ మందును గొఱ్ఱె కాలేయముకంటె త్వరగా విఱిచివేయును. గొఱ్ఱెకు చెప్పిన మోతాదును మేకకు పోసిన పురుగులలో బలహీనమైనవి చచ్చి, బలవంతమైనవి మిగులును. వాని సంతతియే పిదప దొడ్డినిండ నుండును. కన్నంచనాతో బరువు నిర్ణయించుటయు నిట్టి యనర్థమునకే దారితీయును. స్ప్రింగు త్రాసునకు గోనెపట్టా కట్టి పిల్లను వ్రేలాడదీసిన బరువు తేలును. పిల్ల తలను మింటికెత్తి మందు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తల సమముగా నుంచి, సూదిలేని సిరంజితో నాలుక వెనుకభాగమున మెల్లగా పోయవలెను. చూలు కట్టిన మొదటి మాసమున తల్లిమేకకు ఆల్బెండజోల్ ఈయరాదు. మందు పోసిన మేకను సీసాపై వ్రాసిన గడువు ముగియువఱకు కోతకు అమ్మరాదు. లెవమిసోల్ అను మఱియొక మందు కలదు గాని దాని మోతాదునకును విషమునకును నడుమ దూరము తక్కువ. పశువైద్యుని మాట లేనిదే దానిని ముట్టరాదు.

మందు చౌక గదా యని నెలనెల మందకంతకు పోయుదమని తోచును. ఇదియే గొప్ప ప్రమాదము. థయాబెండజోల్ వచ్చిన మూడేండ్లకే, 1964 లో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున దానికి లొంగని హీమాంకస్ బయటపడినది. మన దేశమునను 1970 వ దశకముననే యట్టి వార్త వెలువడినది. దక్షిణాఫ్రికాలో పశువైద్యులు 1990 వ దశకమున దీనికొక యుపాయము కనిపెట్టిరి. రెప్పలోపలి రంగును ఐదు మెట్లుగా విభజించి, అచ్చువేసిన కార్డుతో సరిచూచి, పాలిపోయినవానికి మాత్రమే మందు పోయుదురు. ఫమాచా అని దానికి పేరు. ఎఱ్ఱగా నున్నవానిని విడిచిపెట్టుటచే మందునకు లొంగు పురుగుల జాతి దొడ్డిలో నశింపక నిలిచియుండి, లొంగని జాతిని పలుచబఱచును. చదువు రాని వారును కొలది కాలములో నేర్వదగిన విద్య ఇది. అయితే కార్డు రక్తము పీల్చు పురుగును మాత్రమే పట్టియిచ్చును. పారుడును, ఎదుగుదల లేమిని వేఱుగా గమనింపవలెను. వానలకు ముందొకసారి, వానలలో పదునైదు దినములకొకసారి రెప్పలు చూచుచు, వానలు వెడలిన పిదప మఱియొకసారి విచారించిన పిల్లలను చాలవఱకు దక్కించుకొనవచ్చును.

మందు కంటె చౌకయైన వైద్యము కూడ కలదు. దొడ్డినేలను పొడిగా నుంచుట, పెంటికలను దినదినము ఊడ్చి దూరముగా కుప్పవేయుట, పిల్లలను పెద్దమేకలనుండి వేఱుచేసి వెదురుబద్దల మంచెపై పండుకొనబెట్టుట, పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగించుట, మంచు విడిచిన పిదప మేతకు తోలుట, నేలగడ్డికంటె ఎత్తునున్న ఆకుమేత నెక్కువగా పెట్టుట, వీనికి కావలసినది శ్రద్ధ గాని సొమ్ము కాదు. వెదురు ఆ కొండలలో కొఱత లేదు. మోదుగ గింజలు మొదలగు నాటుమందులను గూర్చి మమ్మడిగినవారు కలరు. మోదుగకు పురుగులను చంపు గుణము కలదని మన వైద్యులు పూర్వమునుండి చెప్పుచున్నారు, పరిశోధకులును దానిని కొంతవఱకు సమర్థించిరి. కాని గింజ గింజకు బలము మాఱును. పాలిపోయి పడిన పిల్లకు ప్రయోగము చేయు వ్యవధి లేదు. నాటువిద్యను అవమానింపవలదు, అత్యవసరమున దానినే నమ్మి యుండవలదు.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి మందున్నది, విద్య యున్నది, వెల స్వల్పము. అయినను పిల్లలు చచ్చుచునే యున్నవి. ఏలన, ప్రియమైనది మందు కాదు. మందు పోయు చేయి. ఆసుపత్రి చీటి ఉచితమే కావచ్చును. కాని కొండవానికి దాని వెల ఒకనాటి కూలి, బస్సు చార్జి, కావలి లేని మంద. ఈ మూడును కలిసిన పిల్ల వెలలో గణనీయమైన భాగమగును. లెక్క తెలిసిన గృహిణి పోకుండుటయే లాభమని నిర్ణయించుకొన్న నామెను అజ్ఞురాలనుట మన యజ్ఞానము. 1962 అను నంబరునకు ఫోను చేసిన వచ్చు సంచార వైద్యవాహనములను కేంద్రప్రభుత్వ సాయముతో పలు రాష్ట్రములలో నడుపుచున్నారు. మంచి పనియే. కాని వాహనము బాట ముగిసినచోట నాగును. మేక అక్కడినుండియే బయలుదేఱును.

కావున చేయి గ్రామముననే యుండవలెను. స్వయంసహాయక సంఘములనుండి ఎన్నుకొని శిక్షణ యిచ్చు పశుసఖులు, ఒడిశాలో ప్రాణిమిత్రలు అను పేర నిట్టి యేర్పాటు మొదలైనది. 2022 లో కేంద్రము పశుసఖులను పశువైద్యశాఖతో జోడించు మఱియొక పథకమును ప్రారంభించినది. ఇచ్చట మా వృత్తికి సంబంధించిన ప్రశ్న యొకటి వచ్చును. వైద్యపట్టా లేని స్త్రీ మందు పోయుట చట్టవిరుద్ధము కాదా? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టపు 30 వ సెక్షను నమోదైన వైద్యుడు గాక యితరులు పశువైద్యము చేయరాదని శాసించుచున్నది. కాని ఆ సెక్షనుననే యొక మినహాయింపు కలదు. పశుసంవర్ధకశాఖగాని పశువైద్యసంస్థగాని యిచ్చిన స్టాకు అసిస్టెంటు మొదలగు ధ్రువపత్రము గలవారు, నమోదైన వైద్యుని పర్యవేక్షణ క్రింద చిన్నతరహా సేవలు చేయుటకు రాష్ట్రప్రభుత్వము ఉత్తరువు నీయవచ్చును. టీకా, గాయములకు కట్టు మొదలగునవి యందు చెప్పబడియే యున్నవి. మఱే వ్యాధులు చేరవలెనో ప్రకటన ద్వారా నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకే విడువబడినది. పిల్లల నట్టల నివారణను ఇందు స్పష్టముగా చేర్చి, శిక్షణ పొందిన గ్రామస్త్రీలకు తగిన ధ్రువపత్రమిచ్చిన పక్షమున చట్టము ఆటంకము కాదు, ఆధారమగును. దొంగవైద్యులు ప్రబలుదురను భయము నిష్కారణమని మేమనము. అయితే దొంగవైద్యుడు పెరుగునది సరియైన చేయి లేని చోటనే.

ఆ చేతిలో నుండవలసిన సామగ్రి పట్టిక పెద్దది కాదు. ఒక స్ప్రింగు త్రాసు, రెండు సిరంజిలు, ఒక సీసా మందు, ఒక రంగుల కార్డు, ఒక నోటుపుస్తకము. ఆమె పనిని సరిచూచుటకు పది గ్రామములకొకచోట సూక్ష్మదర్శిని యుండిన చాలును. పెంటికలను ఉప్పునీట కలిపిన పురుగుగ్రుడ్లు పైకి తేలును. వానిని లెక్కించు పద్ధతి ఆస్ట్రేలియాలో 1939 నాటికే సిద్ధమైనది. మందు పోయుటకు ముందును, పోసిన రెండు వారములకును లెక్కించిన మందు పారుచున్నదో లేదో ఉప్పుఖర్చుతో తేలును. ఇట్టి పరీక్ష లేక ఏటేట ఒకే మందును కొని పంచుచుండుట చీకటిలో బాణము వేయుటయే.

రాజధానిలోని మన యుద్యోగులలో, వకీళ్లలో, డాక్టర్లలో పార్వతీపురము, సాలూరు, రాయగడ ప్రాంతములవారు పలువురు కలరు. సంఘములు పెట్టి వార్షికోత్సవములు జరుపుచున్నారు, శాలువలు కప్పుచున్నారు. ఒక యేడు శాలువల సొమ్ముతో రెండు సూక్ష్మదర్శినులు కొని కొండక్రింది రెండు కేంద్రముల కిచ్చిన బాగుండును. డాక్టర్లు కోదుల కువి భాషలోను తెలుగులోను ఒడియాలోను బొమ్మలతో నాలుగు పుటల పుస్తకము వ్రాయించిన బాగుండును. వకీళ్లు పైన చెప్పిన ప్రకటనకై వినతిపత్రము వ్రాసిన బాగుండును. పశుపోషణను శాస్త్రీయ పద్ధతులపై నడుపుటకు రాజ్యము పూనుకొనవలెనని రాజ్యాంగపు 48 వ అధికరణమే చెప్పుచున్నది; ఆ వాక్యమున ఆవు దూడలనే గాని మేకపిల్లలను వలదని యెచ్చటను లేదు.

సంత ముగియు వేళకు ఆ స్త్రీ చలాకీ పిల్లను చెప్పిన ధరకే అమ్మి, వాచిన దవడగల పిల్లను చంకనెత్తుకొని కొండదారి పట్టినది. అది ఇల్లు చేరినదో లేదో మాకు తెలియదు. ఒకదానికై తాను పోయిన తక్కినవాటిని కాయువారెవరని యామె యడిగెను. ఆమె పోనక్కఱలేదు, మందే ఆమె దొడ్డికి రావలెను. ఆ ప్రశ్నకు ఇంతకంటె వేఱు సమాధానము మాకు కనబడుట లేదు. వచ్చు వానలకు ముందే ఆ సమాధానము కొండ యెక్కుగాక.